కెనడా చదువునకు రెండు తాళములు

విత్తు నాటుటకు ముందు రైతు మూడు సంగతులు విచారించును: నేల యెట్టిది, నీరెంతకాలముండును, అదను దాటినదా లేదా. ఈ మూడును చూడక విత్తినవాడు ఎంత కష్టపడినను గాదె నింపజాలడు. పొలముపట్ల నింతటి విచారము గల మన రైతు, కుమారునో కుమార్తెనో విదేశవిద్యకు పంపవలసి వచ్చినప్పుడు మాత్రము ఏ విచారణయు లేక, పట్టణమునందలి యేజెంటు చెప్పిన మాటనే వేదవాక్యముగ నమ్మి, తాతలనాటి మాగాణిని తాకట్టు పెట్టుచున్నాడు. బిడ్డలను దూరదేశములకు పంపవలదని చెప్పుట మా యుద్దేశము కాదు. పంపుటకు ముందు అచ్చటి నేలను, నీటిని, అదనును చూచుకొనుడని చెప్పుటయే మా యుద్దేశము.

ఇది సహకార పత్రికలో చర్చింపదగిన విషయమా యని కొందరు శంకింపవచ్చును. అప్పు ఎక్కడ పుట్టునో సహకారసంఘమునకు పని యక్కడనే కలదు. పూర్వము పెండ్లిండ్లకును, వ్యాజ్యెములకును, బావులకును అప్పులు చేసిన గ్రామములు నేడు విదేశవిద్యకు అప్పులు చేయుచున్నవి. బావి పడకపోయినను నేల మిగులును. విదేశవిద్య బెడిసికొట్టినచో నేలయు పోవును, అప్పును నిలుచును. కాబట్టి ఎరువులధరను గూర్చి, పంటల బీమాను గూర్చి తెలిసికొన్నట్లే, పరదేశపు విద్యానుమతి నిబంధనలను గూర్చియు సభ్యులు తెలిసికొనుట యవసరము. మనవారు విశేషముగ పోవు దేశములలో కెనడా యొకటి. అచ్చటి నిబంధనలు 2024 మొదలుకొని మిక్కిలి మారినందున ఆ దేశమునే యిచ్చట ఉదాహరణముగ గైకొనుచున్నాము.

కెనడాలో ఆరు నెలలకు మించిన చదువు చదువగోరు విదేశీయుడు సాధారణముగ స్టడీ పర్మిట్టు అనబడు విద్యానుమతిని పొందవలెను. దీనిని ఇచ్చునది కేంద్రప్రభుత్వపు వలసశాఖ. అయితే ఆ దేశపు రాజ్యాంగము ప్రకారము విద్య రాష్ట్రముల చేతిలోని విషయము. వలసల విషయమున కేంద్రమునకును రాష్ట్రములకును గూడ అధికారము కలదు. అందుచేత విద్యార్థి దాటవలసిన తలుపునకు రెండు తాళములున్నవి. ఒక తాళపుచెవి రాష్ట్రము చేతను, రెండవది కేంద్రము చేతను ఉన్నది. ఒక్కటి దొరికినంత మాత్రమున తలుపు తెరువబడదు. ఈ సంగతి తెలియకనే మనవారు పెక్కుమంది కళాశాలనుండి చేర్పు ఉత్తరము రాగానే పని యైపోయినదని భావించి మిఠాయిలు పంచుచున్నారు.

ఈ రెండు తాళములను గూర్చి కొంచెము వివరింతుము. విదేశీ విద్యార్థులను చేర్చుకొనుటకు ఏ విద్యాలయమునకు అర్హత కలదో నిర్ణయించునది ఆ రాష్ట్రము. అట్టి గుర్తింపు లేని విద్యాలయమునుండి ఎంత అందమైన ఉత్తరము వచ్చినను అది చిత్తుకాగితముతో సమానము. 2024 జనవరి 22వ తేదీనుండి మరియొక పత్రము అవసరమైనది. అది రాష్ట్రము ఇచ్చు ధ్రువీకరణ పత్రము. కేంద్రప్రభుత్వము ఆ దినముననే విద్యార్థుల సంఖ్యకు ఒక హద్దు విధించినది. 2024లో సుమారు 3,60,000 కొత్త అనుమతులు మాత్రమే ఇచ్చెదమనియు, ఇది 2023తో పోల్చగా నూటికి 35 వంతులు తక్కువ యనియు ప్రకటించినది. ఆ సంఖ్యను రాష్ట్రముల జనాభాననుసరించి పంచినది. తన వంతుకు వచ్చిన సంఖ్యలో ఈ విద్యార్థి చేరియున్నాడని రాష్ట్రము చెప్పు సాక్ష్యమే యీ ధ్రువీకరణ పత్రము. అవసరమైనవారు దీనిని జతపరుపకున్నచో దరఖాస్తును త్రిప్పి పంపివేయుదురు.

ఈ పత్రము అందరికిని ఒకే విధముగ వర్తింపదు. మొదట ఎం.ఎ., ఎం.ఎస్. వంటి పై పట్టములవారిని, పరిశోధకులను మినహాయించిరి. 2025లో వారినిగూడ చేర్చిరి. మరల 2026 జనవరి 1వ తేదీనుండి ప్రభుత్వరంగ విద్యాలయములలో ఆ చదువులు చదువువారికి ఈ పత్రము అక్కరలేదనిరి. రెండేండ్లలో మూడు మార్పులు! నిరుడు పొరుగువారి అబ్బాయికి ఎట్లు జరిగినదో నేడు మన అబ్బాయికిని అట్లే జరుగునని తలంచుట ఎంత ప్రమాదకరమో దీనినిబట్టియే గ్రహింపవచ్చును. నిరుటి వానను చూచి ఈ యేడు నారు పోయువాడు ఎవడైన నుండునా?

క్విబెక్ రాష్ట్రపు సంగతి మరియు ప్రత్యేకము. మాంట్రియల్ నగరము ఆ రాష్ట్రములోనిదే. 1991లో కేంద్రముతో చేసికొన్న యొడంబడిక వలన వలసల విషయమున ఆ రాష్ట్రమునకు ఇతర రాష్ట్రములకు లేని యధికారములు కలవు. అచ్చట ఆరునెలలకు మించి చదువదలచినవాడు ముందుగా క్విబెక్ ప్రభుత్వము నుండి అంగీకారపత్రము పొంది, పిమ్మట కేంద్రమునకు దరఖాస్తు చేసికొనవలెను. చూపవలసిన ధనముయొక్క లెక్కగూడ ఆ రాష్ట్రము తానే నిర్ణయించును. టొరంటో నున్న ఆంటారియోకు చెల్లిన కాగితములు మాంట్రియల్‌కు చెల్లవు. కాని మన గ్రామములలో రెండును ‘కెనడా’ యే.

ఇక ధనము మాట. ఒంటరిగ పోవు విద్యార్థి మొదటి సంవత్సరపు బోధనా రుసుమును, ప్రయాణపు ఖర్చును గాక, జీవనవ్యయమునకై కొంత మొత్తము చూపవలెను. ఇది చిరకాలము 10,000 కెనడా డాలర్లుగ నుండెను. 2024 జనవరి 1 నుండి 20,635 డాలర్లయినది. 2025 సెప్టెంబరు 1 నుండి క్విబెక్ మినహా ఇతర రాష్ట్రములకు 22,895 డాలర్లయినది. మన రూపాయలలో ఇది పదునాలుగు లక్షలకు అటునిటుగ నుండును. రుసుము దీనికి అదనము. ఈ ధనము చూపుటకు బ్యాంకు నిల్వ, బ్యాంకు మంజూరుచేసిన విద్యాఋణము, కెనడా బ్యాంకులో వేసిన డిపాజిట్టు మున్నగు మార్గములు కలవు. త్వరితముగ అనుమతినిచ్చు ప్రత్యేకమార్గ మొకటి 2018 నుండి యుండెను గాని, 2024 నవంబరు 8వ తేదీన దానిని రద్దుచేసిరి. ఇప్పటికిని ఆ త్వరితమార్గము పేరు చెప్పి ధనము గుంజువాడు ఎవడైన నున్నచో వాడు అబద్ధమాడుచున్నాడని నిశ్చయింపవచ్చును.

ధనము చూపుటలోనే మనవారు పెద్ద గోతిలో పడుచున్నారు. కొందరు దళారులు నెల దినములకు లక్షలు ఖాతాలో వేసి, బ్యాంకు కాగితము పుచ్చుకొని, మరల తీసికొనుచు, ఆ యుపకారమునకు వడ్డీయు కమీషనును గుంజుచున్నారు. ఇది రెండు విధముల నష్టము. పోయిన తరువాత విద్యార్థి చేతిలో ఆ ధనముండదు. కడుపునకు తిండి యెట్లు? అది యటుండగా, అసత్యము చెప్పినట్లు తేలినచో ఆ దేశపు చట్టము ప్రకారము అయిదేండ్లు ప్రవేశమే నిషిద్ధము. అబద్ధము చెప్పుమన్నవాడు ఏజెంటైనను, దరఖాస్తుపై సంతకము విద్యార్థిది. శిక్షయు విద్యార్థికే.

2023లో జరిగిన సంగతి పత్రికలలో చదివినవారికి జ్ఞాపకముండును. భారతదేశమునుండి, ముఖ్యముగ పంజాబునుండి, పోయిన విద్యార్థులు కొందరు చదువు ముగించి ఉద్యోగములు చేయుచుండగా, తాము తెచ్చిన కళాశాల చేర్పు ఉత్తరములు దొంగవని బయటపడి, దేశమునుండి వెడలగొట్టబడు స్థితికి వచ్చిరి. ఏజెంటు తమకు నకిలీ పత్రము లిచ్చినట్లు తమకే తెలియదని వారు మొరపెట్టుకొనిరి. అచ్చటి ప్రభుత్వము వెడలగొట్టుటను నిలిపి, ఒక్కొక్కరి సంగతి విచారించుటకు పూనుకొన్నది. ఆ సంవత్సరము డిసెంబరు 1 నుండి ప్రతి చేర్పు ఉత్తరమును వలసశాఖవారు కళాశాలనే యడిగి నిజము తెలిసికొనుచున్నారు. అంతకు ముందు 2022 జనవరిలో క్విబెక్ రాష్ట్రమున ఒకే యాజమాన్యము క్రింద నడచుచుండిన మూడు ప్రైవేటు కళాశాలలు అప్పులపాలై న్యాయస్థానము నాశ్రయించినప్పుడు, రుసుములు ముందుగ కట్టిన మన దేశపు విద్యార్థులు పెక్కుమంది దిక్కుతోచక నిలిచిరి. ఉత్తరము నిజమైనదైనను కళాశాల గట్టిదా యని చూడకుండుట తగదని యీ రెండవ సంగతి తెలుపుచున్నది.

“అచ్చటికి చేరినచో చాలును, పనిచేసికొని అప్పు తీర్చుకొనును” అను మాట మన గ్రామములలో తరచుగ వినబడును. దీనిని లెక్కవేసి చూతము. చదువు సాగుచున్న దినములలో విద్యార్థి కళాశాలకు వెలుపల వారమునకు 24 గంటలు మాత్రమే పనిచేయవచ్చును. ఇది 2024 నవంబరు 8 నుండి యమలులోనున్న హద్దు. ఆంటారియోలో కనీసవేతనము 2025 అక్టోబరు 1 నుండి గంటకు 17 డాలర్ల 60 సెంట్లు. ఇరువదినాలుగు గంటలకు 422 డాలర్ల 40 సెంట్లు. ఏబదిరెండు వారములు ఒక్కటియు తప్పక పని దొరికినను సంవత్సరమునకు 21,965 డాలర్లకు మించదు. వలసశాఖవారే జీవనమునకు కావలెనని చెప్పిన మొత్తము 22,895 డాలర్లు. నిర్ణీత సెలవులలో అధికముగ పనిచేయు వీలుండుట నిజమే. కాని పని దొరకని వారములును, జబ్బుపడిన వారములునుగూడ నుండును. సెలవులలో సంపాదించినది ఆ లోటు పూడ్చుటకే సరిపోవును. అట్లైనచో రుసుము ఎక్కడనుండి వచ్చును? ఊరిలోని అప్పునకు వడ్డీ ఎక్కడనుండి వచ్చును?

చదువు ముగిసిన తరువాత ఉద్యోగము చేసికొనుటకిచ్చు అనుమతికిగూడ నిబంధనలు కఠినమైనవి. ఒక ప్రైవేటు కళాశాల ప్రభుత్వ కళాశాల పాఠ్యక్రమమును అరువు తెచ్చుకొని నడపు తరగతులలో 2024 మే 15 తరువాత చేరినవారికి ఆ యనుమతి లేదు. 2024 నవంబరు 1 నుండి భాషాపరీక్షయు విధింపబడినది. పట్టము కాని డిప్లమా వంటి చదువులు చదివినవారు నిర్ణీతమైన విషయములలోనే చదివియుండవలెను. విద్యార్థియొక్క భార్యకో భర్తకో ఇచ్చు పని యనుమతిగూడ 2025 జనవరి 21 నుండి పదునారు నెలలకు తగ్గని మాస్టర్సు చదువులకును, పరిశోధనకును, మరికొన్ని ప్రత్యేక విద్యలకును పరిమితమైనది. ‘అమ్మాయి చదువుకొనును, అల్లుడు పనిచేసికొనును’ అని పెండ్లి సంబంధములు కుదుర్చుకొను పెద్దలు ఈ సంగతి గమనించవలెను.

ఇప్పుడు మన వైపు లెక్క. ఒక రైతు భూమి తాకట్టుపెట్టి ఇరువది లక్షలు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చెననుకొందము. నెలకు వడ్డీ నలుబదివేలు, సంవత్సరమునకు 4,80,000, రెండేండ్ల చదువు ముగియునప్పటికి, వడ్డీకి వడ్డీ లెక్కింపకున్నను, 9,60,000 రూపాయలు. అసలు ఒక్క రూపాయయు తీరదు. నాలుగెకరముల మాగాణి ఖర్చులుపోను ఏడాదికి ఎంత మిగుల్చునో సభ్యులకు మేము చెప్పనక్కరలేదు. అదే సొమ్ము బ్యాంకునుండి నూటికి సాలునకు పదునొకండు వంతున తెచ్చినచో వడ్డీ 2,20,000. తేడా ఏడాదికి రెండు లక్షల అరువదివేలు. ఈ తేడాయే ఒక కుటుంబము నిలుచుటయు కూలుటయు. అనుమతి నిరాకరింపబడినను ప్రైవేటు అప్పువాని వడ్డీ ఆగదు. నిరాకరింపబడు దరఖాస్తులు తక్కువయు కావు. చదువు ముగిసిన పిమ్మట విద్యార్థి గడువులోగా దేశము విడిచిపోవునని యధికారికి నమ్మకము కుదరకున్నను నిరాకరింపవచ్చునని అచ్చటి నిబంధన.

మాకు ఎదురు చెప్పువారును ఉన్నారు. ఇంత భయపెట్టినచో రైతుబిడ్డ ఎన్నటికిని ఊరు దాటడని వారందురు. మేమట్లు తలంపము. ఉన్నవారి బిడ్డలకు తప్పు జరిగినను తట్టుకొనుటకు ఆస్తి కలదు. రైతుబిడ్డకు తప్పు జరిగినచో తట్టుకొనుటకు ఏమియు లేదు. కావున ఎక్కువ తెలిసికొని పోవలసినవాడు రైతుబిడ్డయే. నిబంధనలు తెలిసి, మంచి ప్రభుత్వ విశ్వవిద్యాలయములో తగిన చదువు నెన్నుకొని పోయినవారు బాగుపడుచున్నారు. వారిని చూచి మేమును సంతసించుచున్నాము. మరికొందరు “ఏజెంటున్నాడు గదా, అన్నియు అతడే చూచుకొనును” అందురు. ఏజెంట్లలో పెక్కుమందికి కళాశాలలే కమీషను నిచ్చును. ఎవని కూలి తినునో వాని పనియే చేయును. మన బిడ్డకు తగిన కళాశాలను గాక, తనకు కమీషను వచ్చు కళాశాలనే చూపినచో ఆశ్చర్యమేమి? దరఖాస్తును విద్యార్థి తానే స్వయముగ చేసికొనవచ్చును. రుసుము పుచ్చుకొని సలహా యిచ్చువాడు కావలెనన్నచో, కెనడాలో చట్టప్రకారము లైసెన్సు పొందిన సలహాదారుల జాబితా కలదు. అందు పేరున్నదో లేదో ఎవరైనను చూచుకొనవచ్చును.

ఇక సంఘములు చేయదగినదేమి? మా యభిప్రాయములను క్రమముగ మనవిచేయుచున్నాము.

మొదటిది: విద్యాఋణమును మంజూరు చేయుట వేరు, సొమ్ము చేతికిచ్చుట వేరు. బ్యాంకు మంజూరుపత్రము ధనసాక్ష్యముగ చెల్లును గనుక, ఋణము ముందుగ మంజూరుచేసి, సొమ్ము మాత్రము అనుమతి వచ్చిన తరువాత వాయిదాల ప్రకారము నేరుగ విద్యాలయమునకు చెల్లించు పద్ధతిని మన జిల్లా సహకార కేంద్రబ్యాంకులు స్థిరపరుపవలెను. సొమ్ము కదలనంతవరకు వడ్డీ పుట్టదు. దరఖాస్తు నిరాకరింపబడినచో రైతునకు భూమి భూమిగనే యుండును.

రెండవది: ధ్రువీకరణ పత్రము తెప్పించుటకు ముందే రుసుములో కొంతభాగము చెల్లింపుమని పెక్కు విద్యాలయములు కోరుచున్నవి. అనుమతి రాకున్నచో ఆ సొమ్ములో ఎంత తిరిగి వచ్చునో, ఎన్ని దినములలో వచ్చునో వ్రాతమూలకముగ తెలిసికొనక ఎవరును చెల్లింపరాదు. ఆ భాగమును అప్పుతో గాక సొంత నిల్వతో చెల్లింపగలవాడే ముందుకు పోవుట క్షేమము.

మూడవది: ప్రతి సంఘములోను ఇంగ్లీషు చదువగల యువసభ్యులు ఇద్దరు ముగ్గురు గలరు. పాలకవర్గమువారు వారిని ఒక చిన్న సలహాసంఘముగ నేర్పరచి, దరఖాస్తు చేయు కుటుంబమునకు ఈ ప్రశ్నలకు జవాబు వెదకి యిచ్చునట్లు చేయవలెను: విద్యాలయమునకు గుర్తింపు కలదా? ఈ తరగతికి రాష్ట్రపు పత్రము అవసరమా? ఈ చదువు ముగిసిన తరువాత పని యనుమతి లభించునా? చూపవలసిన ధనము నేటి లెక్క ప్రకారమెంత? ఈ నాలుగింటికిని జవాబులు కెనడా ప్రభుత్వపు ప్రకటనలలోనే దొరకును. ఏజెంటు నోటిమాట జవాబు కాజాలదు.

నాలుగవది: తెలంగాణలో అంబేద్కర్ విదేశీ విద్యానిధి, మహాత్మా జ్యోతిబా ఫూలే విదేశీ విద్యానిధి వంటి ప్రభుత్వ సహాయములు కలవు. అర్హులైన సభ్యుల బిడ్డలు అప్పుకు ముందు ఆ సహాయము నపేక్షింపవలెను. అర్హత యుండియు తెలియక వడ్డీకి తెచ్చుకొనుట కంటె విచారకరమైనది లేదు.

అయిదవది: విదేశవిద్యకై ప్రైవేటు అప్పుచేసిన కుటుంబముల లెక్క గ్రామమున ఎవరియొద్దను లేదు. పంట అప్పుల లెక్క చూచుచున్న సంఘము ఈ లెక్కనుగూడ చూడవలెను. రోగమెంత యున్నదో తెలియక వైద్యము చేయుట యెట్లు?

విద్యార్థుల సంఖ్యకు హద్దు పెట్టుట కెనడావారి యిష్టము. తమ దేశమున ఇండ్లు చాలుటలేదని, వైద్యశాలలపై భారము పెరిగినదని వారు చెప్పుచున్నారు. 2026 సంవత్సరమునకు పొడిగింపులతో గూడ 4,08,000 అనుమతులును, వానిలో కొత్తగ వచ్చువారికి 1,55,000ను మించరాదని నిర్ణయించుకొన్నారు. వారి యింటి తలుపు ఎంత తెరువవలెనో వారు నిర్ణయించుకొందురు. మన పొలము ఎవనికి తాకట్టు పెట్టవలెనో, ఎప్పుడు పెట్టవలెనో నిర్ణయించుకొనుట మాత్రము మన చేతిలోని పని. ఆ తలుపు తెరువబడునో లేదో తెలియకముందే ఈ పొలమును వదలుకొనుట నేల విడిచి సాముచేయుట యగును.

కావున సభ్యులారా, రాబోవు సర్వసభ్య సమావేశములో ఈ విషయమును చర్చనీయాంశములలో చేర్చుడని అధ్యక్షుల వారికి వ్రాయుడు. మీ గ్రామమునుండి పోయి అచ్చట చదువుచున్న బిడ్డలకు ఉత్తరము వ్రాసి నిజస్థితిని తెలిసికొనుడు. వారు తల్లిదండ్రులకు చెప్పుకొనలేని కష్టమును సంఘమునకు చెప్పుకొనవచ్చును. రెండు తాళములును తెరువబడినవని కాగితము చేతికి వచ్చిన తరువాతనే పట్టాదారు పాసుపుస్తకము ఇల్లు దాటునట్లు కట్టుబాటు చేసికొనుడు. ఈ యొక్క కట్టుబాటును ఒక్క సంవత్సరము పాటించినను, ఎన్ని యెకరములు మన చేతిలోనే నిలిచినవో వచ్చు సంవత్సరపు మహాసభలో లెక్కచూచుకొనవచ్చును.